వలసోడు కూడా కార్మికుడేనా, కామ్రేడ్?

మా ఊరి మామిడిపండుకి 2017 మే నెలలో పుట్టుక సర్టిఫికెట్ వచ్చింది. భౌగోళిక గుర్తింపు అంటారు దాన్ని. బంగినపల్లి ఫలానా గడ్డమీద పుట్టిన కాయ అని సర్కారు కాగితమ్మీద రాసిచ్చింది. మామిడి తరఫున ఉద్యానశాఖ వాళ్ళు అర్జీ పెట్టి సంపాదించారు. ఆ తర్వాత రెండున్నరేళ్ళకి, 2019 డిసెంబరులో, అదే బనగానపల్లెలో పుట్టి పెరిగిన మేము మా పుట్టుక కాగితాల కోసం ట్రంకుపెట్టెలు బోర్లించుకుని కూర్చున్నాం. మా తరఫున అర్జీ పెట్టే శాఖ ఏదీ లేదు.

పౌరసత్వ సవరణ చట్టం వచ్చిన చలికాలం అది. అస్సాంలో ఆ ఏడు ఆగస్టు 31న వేసిన పౌరుల జాబితాలో 19 లక్షలమంది పేర్లు గల్లంతయ్యాయి. రేపు ఇక్కడా అదే జరుగుతుందని వీధివీధినా మాట. మా దాదా పేరు స్కూలు రిజిస్టర్లో మాబుసాబు. పాసుపుస్తకంలో షేక్ మహబూబ్ సాహెబ్. ఓటరు లిస్టులో ఎస్. మాబు. ఈ ముగ్గురూ ఒక్కడేనని చెప్పడానికి ఆయన లేడు. నానీకి పుట్టినతేదీయే లేదు. గంజి కరువునాటికి చంకలో పిల్ల, అంతే. గంజి కరువంటే 1952 అని లెక్కగట్టి ఆమెకు వయసు వేశాం. దూదేకుల ఇళ్ళల్లో ఇంకో చిక్కు. హుసేనప్ప, నాగూరమ్మ అని పేరు సగం ఇటు, సగం అటు ఉంటుంది. ఏ కాగితం చూపిస్తే ఏ ప్రమాదమో వాళ్ళకి అర్థం కాలేదు. ఆ నెలలో మా ఊళ్ళో బాగుపడింది జిరాక్సు షాపులవాళ్ళే.

పోనీ మేము ఎక్కణ్ణుంచో వచ్చి దిగినోళ్ళమా? మేము కదల్లేదు. మా నెత్తిన బోర్డులు మారాయి. 1948 ఫిబ్రవరి దాకా మాది నవాబు సంస్థానం. చుట్టూ కర్నూలు జిల్లా, నడుమ చిన్న దీవిలాగ మేము. సంస్థానం మద్రాసు రాష్ట్రంలో కలిసింది. 1953లో కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రం వచ్చింది. 1956లో ఆంధ్రప్రదేశ్. 2014లో తెలంగాణ పోగా మిగిలిన ఆంధ్రప్రదేశ్. 2022 ఏప్రిల్లో నంద్యాల జిల్లా. ఇల్లు అదే, అరుగు అదే, అరుగుమీద పరిచిన నాపరాయీ అదే. అయినా ‘మీవాళ్ళు ఎప్పుడొచ్చినారు ఈడికి?’ అని నవ్వుతూ అడిగేవాళ్ళు ఆఫీసుల్లోనూ ఉన్నారు, హోటళ్ళలోనూ ఉన్నారు. ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ 1991లో వచ్చింది. ముప్ఫై ఏళ్ళు దాటినా అది పాతబడకపోవడం మాకు సంతోషించే సంగతి కాదు.

అందుకే మనుషుల రాకపోకలమీద సర్కార్లు ఏం చేస్తాయన్నది మాకు విదేశీ వార్తల పేజీ సంగతి కాదు. అందులోనూ ఎర్రజెండా సర్కార్ల గురించి ప్రత్యేకంగా అడగాలని ఉంది. తక్కిన పార్టీలు మమ్మల్ని నవాబు వారసులుగానో ఓట్ల మూటగానో చూశాయి. ఎర్రజెండావాళ్ళు మాత్రమే మమ్మల్ని చూసి ‘నువ్వు బీడీలు చుట్టేవాడివి, నువ్వు బండలు కోసేవాడివి, నువ్వు హమాలీవి’ అన్నారు. హైదరాబాదులో కమ్యూనిస్టు పార్టీని కట్టినవాళ్ళలో ఉర్దూ కవి మఖ్దూం మొహియుద్దీన్ ఉన్నాడని మా అబ్బాల తరం గర్వంగా చెప్పుకుంది. ఆ చనువుతో అడుగుతున్నాం. కుర్చీ మీ చేతికొచ్చిన చోట, బతుకుదెరువుకో ప్రాణభయంతోనో వచ్చినవాణ్ణి ఏమని పిలిచారు? ఎక్కడ కూర్చోబెట్టారు?

రెండు భాషల్లో వార్తలు రాసి బతికేవాళ్ళం కాబట్టి మాటల దగ్గర కాసేపు ఆగుతాం. ఉర్దూలో హిజ్రత్ గౌరవమైన మాట. మా క్యాలెండరే ఒక వలసతో మొదలవుతుంది. ముహాజిర్ అంటే తలొంచుకోవలసిన పనిలేదు. కరాచీలో ఆ మాటకి పట్టిన గతి వేరే కథ. తెలుగులో కాందిశీకుడంటే ఏ దిక్కున పోవాలా అని దిక్కులు చూసేవాడని పండితులు చెబుతారు. అది జాలిమాట. చొరబాటుదారు అన్నది పోలీసుమాట, ఇప్పుడు నాయకుల మాట కూడా. అన్నిటికన్నా చిత్రమైంది వలస. వలసకూలీ అన్నా వలసే, వలసపాలన అన్నా వలసే. తెల్లదొర తుపాకీతో వచ్చి దేశాన్ని ఏలితే వలస. బీహారువాడు తట్టతో వచ్చి మూడు నెలలు మట్టిమోస్తే వలస. మన వామపక్ష కరపత్రాల్లో ఈ మాట లేని పేజీ ఉండదు. దొరకీ కూలీకీ ఒకే మాట ఎందుకు వాడుతున్నామని అడిగిన కామ్రేడ్ మాకింకా తగల్లేదు.

మా వైపు వలస అంటే కువైట్. కడప, రాయచోటి వాళ్ళంత కాకపోయినా మా తావునుంచి కూడా పోయారు. ఆడవాళ్ళు ఖద్దామాలుగా, మగవాళ్ళు డ్రైవర్లుగా, దర్జీలుగా. ఇరవై నంబరు వీసా అంటే ఇంటిపని. పద్దెనిమిది అంటే కంపెనీ పని. ఇరవై మీద పోయి బయట పనిచేస్తే నేరం. పాస్‌పోర్టు కఫీల్ దగ్గర ఉంటుంది. జీతం ఇవ్వలేదని గడప దాటితే ఆ క్షణంనుంచి నువ్వు ఖల్లివల్లి. పోతే పోనీ అని కొట్టిపారేసే మాట అది. మావాళ్ళ నోట్లో ఒక కులం పేరులాగ స్థిరపడింది. ‘వాడు రెండేళ్ళుగా ఖల్లివల్లిలో ఉండాడు’ అంటారు, ఏదో మొహల్లాలో ఉంటున్నట్టు. ముప్ఫై ఏళ్ళలోపు ఆడదాన్ని ఇంటిపనికి పంపకూడదని మన దేశం పెట్టుకున్న నిబంధన. అందుకని ఇరవైనాలుగేళ్ళ పిల్లకి ముప్ఫైరెండు వేయించే ఏజెంట్లు తయారయ్యారు. ఉన్న వయసు చూపించుకోను కాగితం దొరకదు, లేని వయసుకి మాత్రం దొరుకుతుంది.

1990 ఆగస్టులో సద్దాం సైన్యాలు కువైట్‌లో దిగినప్పుడు మేము పిల్లలం. లక్షకు పైగా భారతీయుల్ని అమ్మాన్‌నుంచి విమానాల్లో తెచ్చారు. కట్టుబట్టలతో వచ్చారని పెద్దవాళ్ళు చెప్పుకునేవాళ్ళు. యుద్ధం అయిపోయాక మళ్ళీ పోయారు. ఇక్కడేముంది మరి? 2018లో ఒకసారి, 2024లో ఒకసారి కువైట్ సర్కారు కాగితాలు లేనివాళ్ళకి క్షమాభిక్ష పెట్టింది. జుర్మానా లేకుండా దేశం విడిచిపోవచ్చంది. వచ్చే మనిషికి టిక్కెట్టు డబ్బులకని ఇక్కడ జుమ్మా నమాజు తర్వాత రుమాలు పరిచాం.

ఆ కువైట్ గదుల్లో ఒక తేడా ఉంది. ఒకే గది. ఒకే రెండంతస్తుల మంచం. పైన మలయాళీ, కింద మా మనిషి. ఇద్దరి కఫీల్ ఒకడే, ఇద్దరి బాకీ జీతం ఒకటే. కానీ మలయాళీ వెనకాల ఒక సర్కారు ఉంటుంది. 1996లో నయనార్ నాయకత్వంలోని వామపక్ష ప్రభుత్వం ప్రవాస కేరళీయుల కోసం నోర్కా అనే శాఖనే తెరిచింది. 2008లో, అచ్యుతానందన్ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, ప్రవాసుల సంక్షేమానికి చట్టం చేశారు. నెలనెలా కొంత కట్టినవాడికి ముసలితనంలో పింఛను. 2018లో లోక కేరళ సభ పెట్టి, ప్రపంచం నలుమూలలా ఉన్న మలయాళీల ప్రతినిధుల్ని తిరువనంతపురం పిలిచి మాట్లాడించారు. ‘భాయ్, వాళ్ళకి పింఛనంట. మనకేందంట?’ అని మా మామూ కొడుకు ఫోన్లో అడిగాడు. ఏం చెప్తాం? నువ్వు పై మంచంలో పుట్టలేదురా అన్నాం.

2024 జూన్ 12న కువైట్‌లో మంగాఫ్ అనే చోట కూలీలుండే మేడ తగలబడింది. చచ్చిపోయినవాళ్ళలో 45 మంది భారతీయులు. సగంమంది కేరళవాళ్ళు. మన ఆంధ్రప్రదేశ్‌వాళ్ళు ముగ్గురు. శవాలను తెచ్చిన వాయుసేన విమానం ముందుగా కొచ్చిలో దిగింది. అక్కడ ముఖ్యమంత్రి పినరయి విజయన్ నిలబడి ఉన్నాడు. తెలుగు రాష్ట్రాలు ఏమీ చేయలేదని అనడం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రవాసాంధ్రుల కోసం సంస్థ ఉంది. తెలంగాణ ప్రభుత్వం 2024లో గల్ఫ్‌లో చనిపోయినవాళ్ళ కుటుంబాలకి ఐదేసి లక్షలు ప్రకటించింది. చనిపోయాక.

కాబట్టి బయటికి పోయేవాడి విషయంలో కేరళ ఎర్రజెండాకి మేము సలాం చేస్తాం. ఇందులో కాంగ్రెస్ కూటమి ప్రభుత్వాల పాలు కూడా ఉంది, కాదనం. అయితే పోయినవాడు డబ్బు పంపుతాడు, అతని ఇంట్లో నాలుగు ఓట్లుంటాయి. సర్కారు గుణం తెలిసేది పోయినవాడి దగ్గర కాదు, వచ్చినవాడి దగ్గర.

కేరళకి వచ్చినవాళ్ళు బెంగాల్, అస్సాం, బీహార్, ఒడిశా వాళ్ళు. ముర్షిదాబాద్ ముస్లింలు వాళ్ళలో చాలామంది. పెరుంబావూరు ప్లైవుడ్ మిల్లుల్లో, కట్టడాల దగ్గర, మలయాళీ కువైట్ పోగా ఖాళీ అయిన పనుల్లో వీళ్ళు నిలబడ్డారు. పరాయి రాష్ట్రపు కూలీలకని దేశంలో మొట్టమొదటి సంక్షేమ పథకం 2010లో అక్కడి వామపక్ష ప్రభుత్వమే పెట్టింది. 2016లో వచ్చిన విజయన్ ప్రభుత్వం వాళ్ళని వలస కూలీలనడం మాని అతిథి కార్మికులు అంది. 2017లో ఆవాజ్ అని బీమా తెచ్చింది. వైద్యానికి 15 వేలు, ప్రమాదంలో పోతే 2 లక్షలు. పాలక్కాడ్ దగ్గర కంజికోడ్‌లో అప్నా ఘర్ పేరిట హాస్టలు కట్టింది. మలయాళం నేర్పే బళ్ళు పెట్టింది. 2020 లాక్‌డౌన్‌లో దేశమంతా కూలీలు పట్టాల వెంబడి నడుస్తుంటే, ప్రభుత్వాలు తెరిచిన సహాయ శిబిరాల్లో సగానికి పైగా కేరళలోనే ఉన్నాయి. ఇది చిన్న సంగతి కాదు. దాన్ని చిన్నచేసి మాట్లాడేవాళ్ళతో మాకు పొత్తు లేదు.

కానీ అదే 2020 మార్చి 29న కోట్టాయం జిల్లా పాయిప్పాడులో వేలమంది అతిథులు రోడ్డెక్కారు. ఊరికి పంపండన్నారు. మీ అన్నం వద్దు, మా తిండి మేము వండుకుంటామన్నారు. ఎవరో రెచ్చగొట్టారని ప్రభుత్వం అంది. అయి ఉండొచ్చు. మాకు మాత్రం ఆ మాటలోనే చిక్కు కనిపిస్తుంది. అతిథికి పీట వేస్తారు, పట్టా ఇవ్వరు. అతిథి కూర గురించి మాట్లాడకూడదు. అతిథి ఎన్నాళ్ళకైనా బయల్దేరాల్సిందే. ఇరవై ఏళ్ళు ఒకే మిల్లులో పనిచేసినవాణ్ణి కూడా అతిథి అంటుంటే అది గౌరవమా, గడువా? అతని ఓటు మాల్దాలోనో నవగావ్‌లోనో ఉంటుంది. ఓటు లేనివాడికి వచ్చింది దయ రూపంలో వస్తుంది, హక్కు రూపంలో రాదు.

అయినా 2019 డిసెంబరు 31న పౌరసత్వ సవరణ చట్టాన్ని రద్దు చేయాలని తీర్మానం చేసిన మొదటి శాసనసభ కేరళదే. పక్షం రోజుల్లో సుప్రీంకోర్టుకి కూడా పోయింది. మా రాష్ట్రంలో అప్పటి పాలకపార్టీ పార్లమెంటులో ఆ బిల్లుకి ఓటేసి, జనం రోడ్లమీదికొచ్చాక పౌరుల జాబితాకి మాత్రం ఒప్పుకోమంది. ఆ రాత్రి కేరళ వార్తను ఉర్దూలోకి తిప్పుతూ మేము ఎంత ధైర్యం తెచ్చుకున్నామో మాకే తెలుసు. ఆ రుణం ఉంది. రుణం ఉందని పాత పద్దు చదవకుండా ఉండలేం.

పాత పద్దులో మొదటి పేరు మరిచ్‌ఝాపి. దేశవిభజన తర్వాత తూర్పు బెంగాల్‌నుంచి వచ్చిన కాందిశీకుల్లో పై కులాలవాళ్ళకి కలకత్తా చుట్టుపక్కల చోటు దొరికింది. ఆలస్యంగా వచ్చిన నామశూద్రుల్ని, అంటే దళితుల్ని, దండకారణ్యానికి తోలారు. కోరాపుట్, మల్కనగిరి, బస్తర్ అడవులు. మన అప్పటి ఆదిలాబాద్ జిల్లా కాగజ్‌నగర్ దగ్గర కూడా కొందరికి భూములిచ్చారు. వాళ్ళని సొంత బెంగాల్లోనే ఉంచాలని ఏళ్ళ తరబడి ఉద్యమం చేసింది వామపక్షాలే. 1977లో వామపక్ష కూటమి గెలిచింది. మనవాళ్ళు వచ్చారుగదా అని వేలమంది దండకారణ్యం విడిచి 1978లో బయల్దేరారు. సుందర్‌బన్స్‌లో మరిచ్‌ఝాపి అనే దీవిమీద గుడిసెలు వేసుకుని, బడి పెట్టుకుని, చేపలు పట్టుకుని బతకడం మొదలుపెట్టారు. జ్యోతిబసు ప్రభుత్వం అది రిజర్వు అడవి అంది. 1979 జనవరిలో పడవలతో దీవిని దిగ్బంధం చేసింది. బియ్యం పోనివ్వలేదు, నీళ్ళు పోనివ్వలేదు. జనవరి 31న కాల్పులు. మే నెలలో గుడిసెలు తగలబెట్టి ఖాళీ చేయించారు. ఎంతమంది చనిపోయారన్న లెక్కమీద ఇప్పటికీ తగాదా ఉంది. సర్కారు లెక్క వేళ్ళమీద పెట్టొచ్చు, బతికి బయటపడ్డవాళ్ళ లెక్క వందలు దాటుతుంది.

వాళ్ళు ముస్లింలు కాదు. హిందువులు, దళితులు. ఈ కథ మేమెందుకు మోస్తున్నామంటే, జెండా ఎదురుగా నిలబడ్డప్పుడు కాందిశీకుడు అన్నవాణ్ణే, జెండా భవనమ్మీదికి ఎక్కాక ఆక్రమణదారు అనడం ఇందులో అచ్చుగుద్దినట్టు కనిపిస్తుంది కాబట్టి. రెండు మాటలకీ మధ్య పట్టింది ఏడాదిన్నర.

మన తెలుగువాళ్ళ వీపుమీద పడ్డ దెబ్బ కూడా ఒకటుంది. కోస్తా జిల్లాల్లో ‘రంగం పోవడం’ అంటే బర్మాలోని రంగూన్ పోవడం. కోరంగి రేవునుంచి పోయారు కాబట్టి అక్కడివాళ్ళు తెలుగు కూలీల్ని కోరంగీలన్నారు. ధాన్యం మిల్లుల్లో, ఓడరేవులో బరువు మోసింది వాళ్ళే. 1962 మార్చిలో నేవిన్ సైనిక కుట్రతో గద్దెనెక్కి, తనది సోషలిజానికి బర్మా మార్గం అన్నాడు. 1964లో దుకాణాల్ని జాతీయం చేశాడు. పెద్ద నోట్లు రద్దు చేశాడు. భారతీయుల్ని పొమ్మనలేక పొగబెట్టాడు. ఆ దశాబ్దంలో సుమారు మూడు లక్షలమంది తిరిగొచ్చారు. వచ్చేటప్పుడు ఒంటిమీద నగ కూడా రేవులో వదిలి రావలసి వచ్చింది. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అని పేటకి పేరు అలా వచ్చిందే. అది సోషలిజమా, సైనిక పాలనకి ఎర్రరంగు పూశారుగానీ అంటారు చదువుకున్న కామ్రేడ్లు. నిజమే, బర్మా కమ్యూనిస్టులు నేవిన్‌తో తుపాకులు పట్టి పోరాడారు. కానీ భూస్వామి, వడ్డీ వ్యాపారి అనే పేరుమీద మొదలైన వేట, చివరికి రేవుకూలీని కూడా ఓడ ఎక్కించింది. వర్గం పేరుతో లేచిన కర్ర జాతి వీపుమీద పడింది.

అదే నేవిన్ సోషలిస్టు పార్టీ ప్రభుత్వం 1982లో పౌరసత్వ చట్టం చేసింది. గుర్తింపు పొందిన జాతుల జాబితాలో రోహింగ్యా పేరు లేదు. తరతరాలుగా అరకాన్‌లో దున్నుకుంటున్నవాళ్ళు ఒక చట్టంతో ఏ దేశమూ లేనివాళ్ళయ్యారు. వాళ్ళలో కొన్ని వేలమంది ఇప్పుడు హైదరాబాద్ బాలాపూర్‌లో రేకుల కింద ఉన్నారు. పాత ఇనుము, ప్లాస్టిక్ ఏరుకుంటారు. ఐక్యరాజ్యసమితి ఇచ్చిన కార్డు ఒకటి మెడలో వేసుకుంటారు. 1951 శరణార్థుల ఒప్పందంమీద మన దేశం సంతకం చేయలేదు కాబట్టి పోలీసు కోపమొచ్చిన రోజు ఆ కార్డు అట్టముక్క. పేపరు పనిమీద బాలాపూర్ పోయినప్పుడు మేము ఉర్దూలో పలకరిస్తే, వాళ్ళ పిల్లలు తెలుగులో జవాబు చెప్పారు. విశాఖలో బర్మా క్యాంపు, హైదరాబాదులో బాలాపూర్. ఒకే దేశం తరిమినవాళ్ళు. ఒకరు వాపసు వచ్చిన సోదరులు, ఒకరు చొరబాటుదారులు.

ఇంకా దూరం పోవక్కర్లేదు గానీ రెండు ముక్కలు. సిలోన్‌లో 1948లో తోటకూలీల పౌరసత్వం తీసేస్తే లంక సమసమాజ పార్టీ నిలబడి ఎదిరించింది. 1964 జూన్‌లో అదే పార్టీ సిరిమావో బండారనాయకే మంత్రివర్గంలో చేరింది. అక్టోబరు 30న సిరిమావో, మన లాల్‌బహదూర్ శాస్త్రి ఒప్పందం చేసుకున్నారు. 5,25,000 మంది ఇండియాకి, 3,00,000 మంది సిలోన్‌కి. మిగిలిన లక్షన్నర తర్వాత చూసుకుందామన్నారు. టీ ఆకు కోసే చేతుల్ని ఎవరూ అడగలేదు. బ్రిటన్‌లో లేబర్ పార్టీ ప్రతిపక్షంలో ఉన్నప్పుడు 1962 నాటి వలస నియంత్రణ చట్టాన్ని దుమ్మెత్తిపోసింది. 1968లో కెన్యానుంచి బ్రిటిష్ పాస్‌పోర్టులున్న ఆసియావాళ్ళు వస్తుంటే, అదే లేబర్ ప్రభుత్వం మూడు రోజుల్లో కొత్త చట్టం చేసి తలుపేసింది. 2025 జూలైలో స్టార్మర్ లేబర్ ప్రభుత్వం ముసలివాళ్ళకి సేవచేసే పనులకి బయటినుంచి మనుషుల్ని తీసుకోవడం ఆపేసింది. ఆ పనికని అప్పులు చేసి పోయిన తెలుగు పిల్లలు కూడా ఉన్నారు.

ఎందుకిలా? మోసం అని ఒక్క మాటలో తేల్చేయడం తేలిక. మేము అలా అనం. కూలీ సంఘం భయం ఉత్తది కాదు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు జీతం పెంచమని సమ్మె కట్టారు. ఓడల కంపెనీలు బర్మావాళ్ళని పనిలో పెట్టుకున్నాయి. సమ్మె తెగాక తెలుగువాళ్ళని తిరిగి తీసుకుని బర్మావాళ్ళని పొమ్మన్నాయి. ఆ రోజే కొట్లాట మొదలై వందమందికి పైగా చచ్చిపోయారు. కంపెనీవాళ్ళకి గోరు కూడా ఊడలేదు. ఇంగ్లీషు కూలీకీ ఐరిష్ కూలీకీ మధ్య ఉన్న ద్వేషమే యజమానుల బలమని మార్క్స్ 1870లోనే ఉత్తరంలో రాశాడు. కాబట్టి ఇది తెలియక చేసిన పని కాదు. తెలిసిన పార్టీలే కుర్చీ ఎక్కాక ఆ ద్వేషంతో రాజీ పడ్డాయి. ఎందుకంటే సంఘంలో సభ్యుడు స్థానికుడు, బూత్‌లో ఓటరు స్థానికుడు. వచ్చినవాడు సంఘంలోనూ లేడు, బూత్‌లోనూ లేడు. లేనివాడి తరఫున మాట్లాడ్డానికి ఎదురుగా ఉన్నప్పుడు ఖర్చు ఉండదు, కుర్చీలో ఉన్నప్పుడు ఉంటుంది. ఆ ఖర్చు పెట్టుకున్న సందర్భాలు చాలా తక్కువ. కేరళ కొంత పెట్టింది, అదీ అతిథి అన్నంతవరకు.

మేము రెండు చివరలా ఉన్నాం. కువైట్‌లో పరాయివాళ్ళం, ఇంట్లో అనుమానితులం. కనుక మాకైనా తెలియాలి గదా అనుకుంటాం. బేతంచెర్ల పాలిషింగు యూనిట్లలో, కొలిమిగుండ్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీల్లో ఇప్పుడు బీహారు, ఒడిశా కుర్రాళ్ళు. రేకుల షెడ్లలో పదిమంది, పన్నెండుమంది. పన్నెండేళ్ళు కువైట్‌లో లారీ తోలి వచ్చిన మా మొహల్లా మనిషి ఒకాయన టీ అంగడి దగ్గర అన్నాడు: ‘ఈ బీహారోళ్ళు వచ్చి కూలి చెడగొట్నారు బాషా. పొద్దుమునిగినాక ఆడపిల్లోళ్ళు బయటికి రానీకి లేదు.’ మేము అడిగాం, ‘మామూ, కువైటోడు నిన్ను ఏమనేవాడు?’ ఆయన టీ తాగి గ్లాసు పెట్టేసి, ‘అది వేరే’ అన్నాడు.

ఆ కుర్రాళ్ళతో మాట్లాడగలిగేది మా ఊళ్ళో మేమే. మా ఇంటి ఉర్దూ వాళ్ళ హిందీకి సరిపోతుంది. ఆసుపత్రిలో నొప్పి ఎక్కడో చెప్పాలన్నా, మేస్త్రీ జీతం ఎగ్గొడితే అడగాలన్నా, సైకిలు రిపేరు దగ్గర మా కుర్రాళ్ళు తర్జుమా చేస్తారు. సంఘాల్లో తెలుగు నాయకులకి ఆ భాష రాదు. 2025లో బీహారు ఓటరు జాబితా సవరణ జరిగినప్పుడు ఫారాలు ఎలా నింపాలో, ఏ కాగితం జత చేయాలో వాళ్ళు మమ్మల్నే అడిగారు. కొందరు పని మానుకుని పేరు నిలబెట్టుకోవడానికి ఊరికి పోయారు. ఆ నెల కూలి పోయింది.

2025 నవంబరు 21న లేబర్ కోడ్లు అమల్లోకి వచ్చాయి. రాష్ట్రాలు దాటిపోయే కూలీల కోసం 1979లో చేసిన చట్టం వాటిల్లో కలిసిపోయింది. ఆ చట్టం ఎన్నడూ సరిగా అమలు కాలేదు గానీ, వలసకూలీ పేరున విడిగా ఒక చట్టం అంటూ ఉండేది. నవంబరు 26న కార్మికసంఘాలు దేశమంతటా నిరసన చేశాయి. మా వైపు ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర కూడా ఎర్రజెండాలు వచ్చాయి. కరపత్రం తెలుగులో ఉంది. గేటు లోపల నిలబడ్డ బీహారు కుర్రాళ్ళకి మేము దాన్ని చదివి ఉర్దూలో చెప్పాం. ఎనిమిది గంటల పని, పీఎఫ్, ప్రమాదానికి నష్టపరిహారం. ఒక కుర్రాడు శ్రద్ధగా విని, ‘హమారా నామ్ భీ లిఖేంగే క్యా, భాయ్?’ అన్నాడు. మేము మైకు దగ్గరికి పోయి నాయకుడితో చెప్పాం. ఆయన మంచివాడు. ముప్ఫై ఏళ్ళుగా ఆ జెండా మోస్తున్నవాడు. సంతోషపడి సభ్యత్వ రసీదు పుస్తకం తీశాడు.

‘ఆధార్ జిరాక్సు తెమ్మనన్నా. అడ్రసు ఇక్కడిదే గదా?’ అన్నాడు.

కుర్రాడు ఫోన్లో ఆధార్ తీసి చూపించాడు. అడ్రసు కటిహార్ జిల్లాది.